గుండీలన్నీ పెట్టిన చొక్కా

…భయపడతాడు, కన్ను తిప్పుకుంటాడు, గొంతు తడుపుకుంటాడు. అబద్ధం చెప్పే మనిషి గురించి పుస్తకాల్లో ఉన్నదంతా ఇంతే. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ రెబెకమ్మ వాంగ్మూలం చదివి ఉండరు, అనుకున్నాడు రామనారాయణ. 'మావాడు సాయంత్రం నెత్తుటి చొక్కాతో ఇంటికొచ్చినాడు. అడిగితే వాచరును కొట్టినానన్నాడు. చొక్కా విప్పి పడేసినాడు. ఆ చొక్కా ఇదే.' అంతే, నాలుగే నాలుగు వాక్యాలు. ఒక్కచోట తడబాటు లేదు, ఒక్కచోట వెనక్కెళ్ళి దిద్దుకోవడం లేదు. కన్నకొడుకును పట్టిచ్చే తల్లి నోట్లోంచి మాటలు ఇంత వరసగా ఎలా వస్తాయి? నిజం ఇస్త్రీ చేసుకుని రాదు. నలిగి వస్తుంది, చిరిగి వస్తుంది, ఒక్కోసారి అసలు రానే రాదు…

"ఏంది ప్రొఫెసరు గారూ, చొక్కాకి దిష్టి తీస్తా ఉండారా?"

రామనారాయణ తలెత్తాడు. ఆత్మకూరు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మస్తానయ్య కుర్చీలో వెనక్కి వాలి, టీ గ్లాసు పొట్ట మీద పెట్టుకుని చూస్తున్నాడు. నెల్లూరు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలి డిటెక్టివ్ అయిన మనిషిని అతను ఎన్నడూ పేరుపెట్టి పిలవడు. ఇదివరకు ఒక కేసులో రామనారాయణ మూలంగా అరెస్టు చేసినవాణ్ణి వదిలేసి, పేపర్లో పడాల్సివచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"దిష్టి నీ కేసుకి తీయాలయ్యా," అన్నాడు రామనారాయణ. "ఇట్రా. ఈ చొక్కా సంగతి చెప్తాను."

కేసు చిన్నది. సీతారామపురం దారిలో, కొండ కనుమ దగ్గర, నరసింహ అనే ఫారెస్టు వాచరు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. శవం దొరికిన రోజే ఉదయగిరి స్టేషన్‌కి రెబెకమ్మ టీచరు నడిచి వచ్చి, తన కొడుకు ఎడ్విన్ చేసిన పనే అని చెప్పి, నెత్తుటి చొక్కా మూట రైటరు ముందు పెట్టింది. ఎడ్విన్‌కి ఇరవై రెండేళ్ళు. సామిల్లు, లారీలు ఉన్న సుధీర్ దగ్గర జీపు డ్రైవరు. రెండు నెలలుగా ఆత్మకూరు సబ్‌జైల్లో ఉన్నాడు. వాణ్ణి విడిపించమని రామనారాయణను పెట్టుకున్నది సుధీరే. 'మా ఇంట్లో పిల్లోడు సార్ వాడు, తల్లికి మతి చలించింది' అన్నాడు. రేపు నెల్లూరులో బెయిలు విచారణ. చొక్కా చూసేందుకు కోర్టు ఇచ్చిన అనుమతి ఇవాళ ఒక్కరోజుకే.

మస్తానయ్య బరువుగా లేచి వచ్చాడు.

"పొద్దున సబ్‌జైల్లో ఎడ్విన్ భుజాలు కొలిచాను," అన్నాడు రామనారాయణ. "పద్దెనిమిది అంగుళాలు. ఈ చొక్కా పదిహేను."

"ఓస్, ఇంతేనా! పేదోళ్ళు పాత చొక్కా బిగుతుగా ఏసుకోరా? మా నాయన పెళ్ళి చొక్కా నేను డిగ్రీ దాకా తొడిగినాను."

"మీ నాయన చొక్కా నీకు వదులయ్యుంటుంది. ఇది వాడికి మోచేతి దగ్గరే ఆగిపోతుంది."

"గుండీలు పెట్టకుండా భుజాన ఏసుకున్నాడేమో. కొట్టేటప్పుడు నెత్తురు చిమ్మింది. అయిపాయె."

ఆ మాట కోసమే చూస్తున్నాడు రామనారాయణ. చొక్కాను బల్ల మీద పరిచి గుండీలన్నీ ఒక్కొక్కటే పెట్టాడు. ఎడమ వైపు మరక, కుడి వైపు మరక వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. తర్వాత గుండీలు విప్పాడు. లోపలి పట్టీ, పై పట్టీ కప్పిన మేర, తెల్లగా మెరిసింది.

"చూశావా? నెత్తురు పడేటప్పటికి గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. గుండీలు పెడితే వాడు ఇందులో పట్టడు. అంటే నెత్తురు పడినప్పుడు ఈ చొక్కాలో వాడు లేడు."

మస్తానయ్య చొక్కావైపు చూశాడు. టీ తాగాడు. మళ్ళీ చూశాడు.

"ముక్క కత్తిరించి హైదరాబాదు ల్యాబుకి పంపినాం," అన్నాడు చివరికి. "రిపోర్టు రానీ."

"ఎప్పటికొస్తుంది?"

"వచ్చినప్పుడు వస్తాది. మీకేం తొందర? లోపలుండేది మీరు కాదు గదా. కన్నతల్లే చెప్పినాక ఇంకేం కావాల సామీ? నా సర్వీసులో ఇట్టాంటి సాక్షి ఒక్కటి తగల్లా. ఆమె అబద్ధం చెప్పిందని జడ్జిగారికి మీరే చెప్పండి. ఎందుకు చెప్పిందంటే ఏమంటారు?"

అదొక్కటే మిగిలింది. ఆ సంగతి మస్తానయ్యకి తెలియనివ్వడం రామనారాయణకు ఇష్టం లేదు.

"సాయంత్రానికి అదీ తేలుతుంది," అన్నాడు.

బస్టాండు పక్క ఎస్టీడీ బూత్ నుంచి సుధీర్‌కి ఫోన్ చేశాడు. చొక్కా కొలత, గుండీల సంగతి ఒక్కొక్క ముక్కే చెప్పాడు. వకీలుతో అఫిడవిట్ టైపు చేయించి సాయంత్రం ఉదయగిరిలో టీచరమ్మ ఇంటికి తెమ్మన్నాడు. సంతకం అక్కడే పెడతానన్నాడు.

"అయితే రేపు మావాడు బయటికొచ్చేసినట్టేనా సార్?"

"వచ్చినట్టే."

"మీరు దేవుడు సార్. నేనే స్వయంగా పోయి జైలు ముందర జీపు పెట్టుకోనుంటా."

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అతనికి బయటిదేదీ కనపడలేదు. పొద్దున ఎడ్విన్‌తో జరిగిన మాటలే చెవిలో తిరుగుతున్నాయి.

'మీ అమ్మ ఎందుకు అట్లా చెప్పింది?'

'ఆమెనే అడగండి. నాకు అమ్మ లేదు.'

'ములాకత్‌కి వస్తే చూడవంట?'

'చూడను. సచ్చినా చూడను.'

'ఆ సాయంత్రం ఎక్కడున్నావు?'

'జీపులో. సుధీరన్నకి తెలుసు. ఆయన చూసుకుంటాడు.'

అమ్మ లేదన్నప్పుడు వాడి దవడ ఎట్లా బిగిసిందో రామనారాయణ బాగా గమనించాడు. ద్వేషం అంత గట్టిగా ఉందంటే దాని కింద ప్రేమ చావలేదన్నమాట. ఆ ఆలోచన అతనికి నచ్చింది. దాన్నే కొండాపురం రోడ్డు దాటేదాకా నములుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత వాడు అన్న మాటను మాత్రం అంత గమనించలేదు.

*

చర్చి ఆవరణలో పాస్టరు భార్య లిదియమ్మ బియ్యం చెరుగుతోంది. డిటెక్టివ్ అనగానే చేట కింద పెట్టేసి, కొంగు సర్దుకుని, గొంతు తగ్గించింది. అడిగినదానికంటే ఎక్కువే చెప్పింది.

"ఊళ్ళో ఎవరూ ఆమెతో మాట్లాడరండీ. కడుపున పుట్టినోణ్ణి పోలీసోళ్ళకిచ్చిన మనిషి గదా! ముప్పై ఏండ్లు మా పిల్లలకి అక్షరాలు నేర్పింది. ఇప్పుడు ఎదురుపడితే పక్కకి తప్పుకుంటారు. నేనొక్కదాన్నే పలకరిస్తా. పాస్టరు భార్యను, తప్పదు గదా."

"చర్చికి వస్తుందా?"

"వస్తాది. కడపటి బెంచీలో కూర్చుంటాది." లిదియమ్మ ఇంకాస్త దగ్గరకి జరిగింది. "కానీ ఒకటి చెప్పాల. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభు సంస్కారం ఉంటాది. రొట్టె ముక్కలు పళ్ళెంలో పెట్టి బెంచీల మీద ఒకరికొకరం అందించుకుంటాం. ఆ పళ్ళెం ఆమె దాకా పోయింది. ముట్టలా. పక్కామెకి అందించేసింది. పోయిన నెలా అంతే, ఈ నెలా అంతే. బాప్తిస్మం తీసుకున్న కాణ్ణుంచి ఒక్క నెల మానలేదండీ ఆమె. బిడ్డని కన్న మూడో దినం కూడా వచ్చి తీసుకునింది."

"కొడుకు చేసినదానికి సిగ్గుపడి మానిందేమో?"

"అదేం మాట! కొడుకు పాపం కొడుకుదే. దానికి తల్లి మానాల్సిన పనేముండాది? సొంత పాపం మనసులో పెట్టుకుని, దాన్ని వదలకుండా ఆ రొట్టె ముట్టుకుంటే శిక్ష. అందుకు భయపడి మానతారు గానీ…" అంటూ ఆగిపోయింది. తను అన్న మాట ఎటుపోతోందో ఆమెకే అర్థమైనట్టుంది.

రామనారాయణ లేచాడు. మరకల్లో దొరకనిది పళ్ళెంలో దొరికింది. ఆమె అబద్ధం చెప్పింది. చెప్పానని ఆమెకు తెలుసు. వదులుకోవడానికి మాత్రం సిద్ధంగా లేదు. దేవుడి ముందు దోషిగా నిలబడటానికైనా ఒప్పుకుంది గానీ పోలీసుల ముందు మాట మార్చలేదు. అంత మొండి అబద్ధం మనిషి తనకోసం చెప్పుకోడు.

*

రెండు గదుల పెంకుటిల్లు. లోపల గోడ వార ఒక ఇనుప పెట్టె. యాభై ఎనిమిదేళ్ళ రెబెకమ్మ తెల్లచీర కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, స్కూల్లో పిల్లవాడి చేత పాఠం అప్పజెప్పించుకునేదానిలా కూర్చుంది.

"పెట్టె చూడొచ్చా అమ్మా?"

"చూడు నాయనా. దాపరికం ఏముండాది."

పైన ఎడ్విన్ ఇప్పుడు వేసుకునే చొక్కాలు, విశాలమైనవి. వాటి కింద బట్టలో చుట్టి, ఏటా క్రిస్మస్‌కి కుట్టించిన చొక్కాలు ఉన్నాయి. అరచేతిలో పట్టేంత చిన్నదాని నుంచి మొదలై ఏటేటా పెరుగుతూ వచ్చాయి. ఒక్క తల్లే దాచగల వరస అది. ఒక ఏడాది మధ్యలో ఖాళీ ఉంది. ముందరిదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి, ఆ లేని చొక్కా కొలత రామనారాయణ కళ్ళతోనే కట్టేశాడు. పదిహేను అంగుళాలు.

"పోలీసులకిచ్చిన చొక్కా వాడు ఇంటర్ చదివేటప్పటిది. ఆ రోజు వాడి ఒంటిమీద లేదు. నెత్తురు మీరే పోశారు. దేని నెత్తురు?"

ఆమె చొక్కాలను తిరిగి బట్టలో చుట్టింది.

"ఎందుకు చేశారో కూడా నాకు తెలుసు. మీవాడు సుధీర్ జీపులో ఎర్రచందనం తోలుతున్నాడని ఊరంతా అంటోంది. ఎన్నిసార్లు చెప్పినా మీ మాట వినలేదు. భక్తిగల తల్లి మీరు. ఒక పాపానికి శిక్ష పడటం లేదని, ఇంకో పాపం మీద పెట్టి శిక్ష వేయించారు. కొడుకును బాగుచేయాలని చెరసాల్లో పెట్టారు. అవునా?"

రెబెకమ్మ అతన్ని చూసింది. కోపం లేదు. తప్పు జవాబును అందంగా రాసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"చానా చదువుకున్నావు నాయనా," అంది. "నిన్ను పెట్టుకునింది ఎవరు?"

"ఎడ్విన్ మేలు కోరేవాళ్ళు."

"సుధీరా?"

అతను చూపు పెట్టె మీదికి తిప్పుకున్నాడు. ఆమెకు అది చాలు. ఆమె వీపు మొదటిసారి వంగింది. రెండు చేతులూ మంచంపట్టె మీద ఆనించింది.

"గుండీల సంగతి ఎవరికైనా చెప్పినావా?"

రామనారాయణ తలెత్తి చూశాడు. గుండీల మాట తను ఎత్తనేలేదు.

"గుండీలు…"

"అన్నీ పెట్టి మరీ పోసినాను. మేక నెత్తురు, అంగడిలో తెచ్చింది. పోలీసోళ్ళు చూడరని తెలుసు, నా మాట ఉంటే వాళ్ళకి చాలు. కేసు ఎప్పుడో ఒకనాటికి కోర్టుకెక్కుతాది. అప్పుడు ఎవరో ఒక వకీలు చూస్తాడు, మావాడు పట్టని చొక్కా అని. కొట్టేస్తారు. అప్పటిదాకా లోపలుంటాడు. లోపలుంటే బతికుంటాడు." ఆమె గొంతు ఇప్పుడు నలిగింది. "ఉరి పడకూడదు, బయటికీ రాకూడదు. రెంటికీ సరిపోయే చొక్కా వెతుక్కున్నా నాయనా. నువ్వు ముందే వచ్చినావు."

"ఎవరు చంపుతారు వాణ్ణి?"

"వాచరు నరసింహని ఆ సాయంత్రం జీపులో ఎక్కించుకోని పోయింది సుధీర్. తోలింది మావాడు. కనుమ దగ్గర ఇద్దరూ దిగి లోపలికి పోయినారంట. సుధీర్ ఒక్కడే తిరిగొచ్చినాడంట. నరసింహ ఏడీ అని వీడు అడగలా. ఇంటికొచ్చి అన్నం తింటా నాకు చెప్పినాడు, ఏదో ఊళ్ళో సంగతి చెప్పినట్టు! ఆయన మనిషిని చంపుతాడంటే ఇప్పటికీ నమ్మడు. సుధీరన్న వాడికి దేవుడు."

"తెల్లారి శవం దొరికింది…"

"శవం దొరికిన గంటకి కబురొచ్చింది. ఎడ్విన్ సాయంత్రం లారీతో మద్రాసు పోవాల అని. పోయినేడు పెంచలమ్మ కొడుకు, లారీ క్లీనరు, వాణ్ణీ ఇట్నే మద్రాసు పంపినారు. లారీ తిరిగొచ్చింది. వాడు రాలా. ఆ తల్లి ఇప్పటికీ బస్సొస్తే ఎదురుపోతాది." రెబెకమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసేసింది. "మావాడు సంచి సర్దుకుంటా ఉంటే నేను స్టేషన్‌కి పోయినాను."

"ఈ మాటే స్టేషన్లో చెప్పి ఉంటే?"

"నరసింహ చెప్పినాడు గదా, సుధీర్ లారీలో కలప పోతా ఉండాదని. పొద్దున స్టేషన్లో చెప్పినాడు. సాయంత్రానికి ఆయనే లేడు. అక్కడ ఎవరు మంచోళ్ళో ఎవరు కబుర్లు మోసేవోళ్ళో కనుక్కునేదానికి నాకు టైం లేదు నాయనా. కొడుకు ముద్దాయి అయితే పోలీసోళ్ళు కాపలా కాస్తారు. సాక్షి అయితే ఎవరు కాస్తారు?"

"వాడికి నిజం చెప్పొచ్చు కదా. మిమ్మల్ని ఎంత అసహ్యించుకుంటున్నాడో తెలుసా?"

"తెలుసు. చెప్తే పోయి సుధీర్నే అడుగుతాడు, నిజమేనా అన్నా అని. అసహ్యించుకోనీ. అసహ్యించుకునేదానికి ప్రాణం ఉండాల గదా."

ఏ వాక్యం ఎక్కడ పెట్టాలో అంతా ఆలోచించుకుని, పేరును వదులుకుని, కొడుకును వదులుకుని, నెలకొకసారి చేతికొచ్చే ఆ రొట్టె ముక్కను కూడా పక్కకి అందించేసిన మనిషి. ఆమె కట్టిన గోడకు సరిగ్గా ఏ ఇటుక వదులుగా ఉందో కనిపెట్టి, దాన్ని లాగేసి, పొద్దున ఎస్టీడీ బూత్‌లో నిలబడి గర్వంగా ఫోన్ చేశాడు తను. మస్తానయ్య బద్ధకం ఎడ్విన్‌ను రెండు నెలలు బతికించింది. తన తెలివి రేపు చంపేస్తుంది.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

రెబెకమ్మ కళ్ళు అతని మీదే ఉన్నాయి. బతిమాలలేదు. వీపు మళ్ళీ నిటారుగా పెట్టుకుంది.

సుధీర్ చెప్పులు బయటే విడిచి తల వంచుకుని లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు, తెల్ల చొక్కా, నవ్వు మొహం. "టీచరమ్మా, బాగుండారా? మూడో తరగతిలో నా చెవులు మెలేసినారు, గుర్తుండాదా?" అని, టైపు చేసిన కాగితం, తన పెన్నూ రామనారాయణ ముందున్న బల్ల మీద పెట్టాడు. "వకీలు వాక్యం వాక్యం మీరు చెప్పినట్టే కొట్టించినాడు సార్. సంతకం ఒక్కటే. రాత్రికే నెల్లూరు పోవాల."

పదకొండేళ్ళలో రామనారాయణ ఒక్క కేసూ తప్పు తేల్చలేదు. ఆ మాట విజిటింగ్ కార్డు మీద లేదు గానీ, అతను నడిచే తీరులో ఉంటుంది. కాగితం చదివాడు. ప్రతి ముక్కా నిజం. ఇంత నిఖార్సైన నిజం అతను ఇదివరకు ఎన్నడూ సంపాదించలేదు.

"ఇది పనికిరాదు," అన్నాడు.

"ఏందది సార్?"

"పొద్దున జైల్లో కొలత తప్పు తీశాను. వార్డరు తొందరపెట్టాడు, టేపు మెలిపడింది. ఇప్పుడు పెట్టెలో వాడి చొక్కాలు చూశాను. వాడివన్నీ బిగుతే. ఆ చొక్కా వాడిదే. చంపింది వాడే."

సుధీర్ నవ్వు పోలేదు గానీ, కళ్ళు దానితో విడిపోయాయి. "మీరు తప్పు తీసినారా? మీరు?"

"నేనే. మస్తానయ్యే కరెక్టు. పోయి ఆయనకి చెప్పు, సంతోషిస్తాడు."

"టీచరమ్మ ఏమన్నా చెప్పిందా సార్?" మెల్లగా అడిగాడు సుధీర్. చూపు ఆమె మీదికి పోయింది.

ఆ చూపును అక్కడ నిలవనివ్వకూడదు. రామనారాయణ దిగ్గున లేచాడు.

"ఆమె చెప్పేదేంది? రాయితో మాట్లాడినట్టుంది. కడుపున పుట్టినవాణ్ణి పోలీసులకిచ్చి, ఇక్కడ తెల్లచీర కట్టుకుని కూర్చుంది. ఇట్లాంటి తల్లిని నేను చూడలేదు. మళ్ళీ ఈ గడప తొక్కను."

రెబెకమ్మ తల దించుకుంది. ఊరంతా ఆమెను అన్నమాటే అది. ఇప్పుడు అతని నోట్లోంచి వచ్చినప్పుడు ఆమె భుజాలు కొంచెం సడలాయి.

సుధీర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెద్దగా నిట్టూర్చాడు. "సరే సార్. మీ వల్ల కాకపోతే ఇంకొకరు. మద్రాసులో మనకి తెలిసిన వకీలు ఉండాడు, చానా గట్టోడు. చొక్కా ఆయనకి చూపించుకుంటా. మావాణ్ణి మాత్రం నేను వదిలిపెట్టను."

ఆ వకీలు వచ్చేదాకా ఎన్ని రోజులుంటే అన్ని రోజులే ఎడ్విన్ ఆయుష్షు. ఆ లోపల కనుమలో ఏదో ఒక ఆధారం దొరకాలి. పెంచలమ్మ కొడుకు గురించి ఎవరో ఒకరు నోరు విప్పాలి. దొరుకుతుంది. ఆ నమ్మకం అతనిలో ఇంకా చెక్కు చెదరలేదు. చెదిరింది దాని పక్కనే ఉన్న ఇంకేదో.

సుధీర్ కాగితం తీసుకోవడానికి చెయ్యి చాచాడు. రామనారాయణ ఆ చేతిని ఆగమన్నట్టు చూసి, బల్ల మీది పెన్ను అందుకుని, మూత తీసి, తన పేరు టైపు చేసి ఉన్న ఆ పేజీకి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా అడ్డంగా గీత కొట్టాడు.